బిషప్ ప్యాలెస్: ఒక స్థిరాస్తి పరిశీలన

హ్యూస్టన్‌లో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులకు నాసా, మీనాక్షి గుడి అయిపోయాక మిగిలేది గాల్వెస్టన్ సముద్రమే కనుక, ఆ ఊరి బ్రాడ్‌వే మీద ఉన్న బిషప్ ప్యాలెస్‌ను కూడా తప్పక చూపించాలని మనవి. ఎంత గొప్ప ఇంటి ముందు నిలబెట్టినా ఎన్ని అడుగులు, ఎంతకు కొన్నారు, ముఖం ఎటు అని అడగగలిగిన మన విద్యకు ఇంతకు మించిన పరీక్షాకేంద్రం లేదు.

వాల్టర్ గ్రెషమ్ అనే రైల్వే లాయరు 1887లో మొదలుపెట్టించిన ఈ రాతి కోటకు ఆ రోజుల్లోనే సుమారు రెండున్నర లక్షల డాలర్లు అయ్యాయని చెబుతారు. 1900 సెప్టెంబరు 8 నాటి తుఫానులో ఊళ్లో కనీసం ఆరు వేల మంది పోయారు, చెక్క ఇళ్లు వీధులకు వీధులే కొట్టుకుపోయాయి, ఈ కోట మాత్రం చెక్కుచెదరలేదు. మనుషుల అంతస్తు తుఫానుకు కూడా తెలుసునన్నమాట. గ్రెషమ్ కుటుంబం నిరాశ్రయులకు తలుపులు తీసిందని కూడా చెప్పాలి. వ్యంగ్యం రాసేవాడికి ఇలాంటి నిజాలు ఎప్పుడూ అడ్డమే.

1923లో ఈ ఇంటిని చర్చివారు కొని బిషప్ బర్న్ గారికి నివాసంగా ఇచ్చారు. దాంతో లక్షలు పోసి, పిల్లాపాపలతో కాపురం చేసిన లాయరు పేరు వెనక్కి వెళ్లి, సంసారమే లేని బిషప్ గారి హోదా ఇంటికి పేరై కూర్చుంది. సొమ్మొకడిది, సోకొకడిది. గీసి కట్టిన ఆర్కిటెక్టు నికొలస్ క్లేటన్ మాత్రం దివాలా తీసి, 1916లో పేదరికంలోనే కన్నుమూశాడు. కట్టించుకున్నవాళ్లను అప్పులపాలు చేసే మన మేస్త్రీలు ఈ సంగతి వింటే నమ్మరు.

లోపలికి అడుగుపెట్టగానే అమ్మ పూజగది ఎక్కడని అడిగింది. నేను సిగ్గుపడి నోరు మూయించబోయాను గానీ, మేడమీద బిషప్ గారి ప్రార్థన గది కనబడేసరికి నాకే నోరు మూతపడింది.

నాన్న మాత్రం ఏమీ మాట్లాడలేదు. రంగు అద్దాల వెలుగు పడుతున్న మహాగని మెట్ల దగ్గర ఆగి, చెక్కడపు సందులో చూపుడువేలు పెట్టి గీసి, వేలి కొసను కళ్లజోడు ఎత్తి చూసుకున్నారు. నమ్మకం కుదరక ఇంకో వంపులో మళ్లీ గీశారు.

“దుమ్ము లేదురా. ఇన్ని వంపులు ఆ రోజుల్లో రోజూ తుడిచిందెవరు?” అన్నారు.

“ముందు మనింట్లో ఫ్యాను రెక్కలు తుడవండి,” అంది అమ్మ.