గోనె సంచులు కుట్టిన చెయ్యి

మొన్న డిసెంబరులో విజయనగరంలో మన డెట్రాయిట్ తెలుగువాళ్ళ సంఘం పెట్టిన స్కాలర్‌షిప్పుల సభకి మీలో చాలామంది వచ్చారు. జ్యోతి వెలిగించి, శాలువాలు కప్పడం అయ్యాక మన పెద్దాయన ఒకరు మైకు అందుకుని పిల్లలతో, "బాగా చదవండి, లేకపోతే జూట్ మిల్లులో గోనె సంచులు కుట్టుకోవాలి" అన్నారు. హాలంతా చప్పట్లు.

నా పక్కన మా చిన్నాన్న ఉన్నాడు. 31 ఏళ్ళు ఆయన చేసింది ఆ పనే. నెల్లిమర్ల, బొబ్బిలి వైపు మిల్లు కూతతో లేచిన ఇళ్ళు ఎన్ని లేవు! చిన్నాన్న చూపుడువేలి గోరు ఎప్పుడో సూది దిగి రెండుగా చీలింది, మళ్ళీ అతుక్కోలేదు. ఆ చేతిని తువ్వాలు కింద దాచుకున్నాడు. ఇంటికొచ్చేదాకా మాట లేదు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగాడు: "మీ ఊళ్ళో కార్లు చదువుకున్నోళ్ళే బిగిస్తారేట్రా?"

కాదు చిన్నాన్నా. మేం డెట్రాయిట్‌లో డేవిసన్ ఫ్రీవే ఎక్కి, అద్దాలు దించకుండా దాటేసే హైలాండ్ పార్క్ అనే చిన్న ఊళ్ళోనే 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైను పెట్టింది. మరుసటి ఏడు 8 గంటల పనికి 5 డాలర్లన్నారు. పొలాలు వదిలి, సముద్రాలు దాటి జనం వచ్చారు. అంతంతమాత్రం చదువులతోనే లైను మీద నిలబడి బోల్టులు బిగించారు. 1930కి ఊరి జనాభా దాదాపు 53 వేలు. తర్వాత పని తరలిపోయింది, 2020కి 9 వేల లోపే మిగిలారు. కరెంటు బాకీ తీర్చలేక 2011లో ఆ ఊరు వెయ్యికి పైగా వీధిదీపాలు వదులుకుంది. ఇవాళ మనలో ఎందరో తింటున్న కార్ల కంపెనీ కూడు అక్కడ మొదలైందే.

పెద్దాయన మాట పూర్తిగా తప్పనను. మా అమ్మా అలా అనే నన్ను చదివించింది. రాత్రి షిఫ్టు దిగొచ్చిన చిన్నాన్న తలలో నార ధూళి దులుపుతూ పిన్ని కళ్ళు తుడుచుకోవడం నాకు తెలుసు. కానీ అమ్మ ఆ మాట ఇంట్లో, ఆయన వినకుండా, గొంతు తగ్గించి అనేది. నా మొదటి సెమిస్టరు ఫీజు ఆయన బట్వాడా డబ్బే.

కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే డిసెంబరులో ఇంజినీరింగ్ పిల్లలతోపాటు ఐటీఐ ఫిట్టరుకీ, వెల్డరుకీ స్కాలర్‌షిప్ ఇద్దాం. మొదటి ఇద్దరి ఖర్చు నేను పెట్టుకుంటాను. చెక్కులు మిల్లులో పనిచేసి రిటైరైనవాళ్ళ చేత ఇప్పిద్దాం. చిన్నాన్న వస్తాడో రాడో. పెద్దాయన ఒక్కసారి ఆయనకి ఫోన్ చేస్తే, రమ్మని పిలవడానికి నాకు నోరొస్తుంది.