1979 టైటిల్ ఎవరిది: సియాటెల్‌దా, ఓక్లహోమా సిటీదా?

2025 జూన్‌లో ఓక్లహోమా సిటీ థండర్ ఇండియానా పేసర్స్‌ను ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో 4-3తో ఓడించినప్పుడు, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ రికార్డుల్లో అది ఆ ఫ్రాంచైజీకి రెండో టైటిల్‌గా నమోదైంది. మొదటిది 1979 నాటిది. అయితే దాన్ని గెలిచింది సియాటెల్ సూపర్‌సోనిక్స్. అప్పటికి ఓక్లహోమా సిటీలో ఎన్‌బీఏ జట్టే లేదు. 2008లో ఆ సూపర్‌సోనిక్స్ జట్టే అక్కడికి తరలి థండర్‌గా మారింది.

హైదరాబాద్ వాళ్లకు ఈ చిక్కు కొత్తది కాదు. 2009లో ఐపీఎల్ గెలిచిన దక్కన్ చార్జర్స్‌ను 2012లో క్రికెట్ బోర్డు రద్దు చేసింది. మరుసటి ఏడాది వచ్చిన సన్‌రైజర్స్ వేరే ఫ్రాంచైజీ కాబట్టి ఆ కప్పు దాని ఖాతాలో లేదు. అయినా 2009, 2016 కప్పులు రెండూ మనవేనని ఉప్పల్ స్టేడియానికి వెళ్లే అభిమాని నమ్ముతాడు. ఆ నమ్మకమే సరైనదని నా అభిప్రాయం. మనకు ఫ్రాంచైజీ పోయినా ఊరు మిగిలింది. సియాటెల్‌లో ఫ్రాంచైజీ బతికే ఉంది గానీ ఊరినే వదిలేసింది.

ఆ ఊరికీ జట్టుకీ ఉన్న బంధం పేరులోనే ఉంది. 1967లో పుట్టిన జట్టుకు, బోయింగ్ అక్కడ తలపెట్టిన సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానాన్ని తలచుకుని ఆ పేరు పెట్టారు. 1977-78 సీజన్‌లో తొలి 22 మ్యాచ్‌లలో 17 ఓడిపోయిన జట్టును లెన్నీ విల్కెన్స్ కోచ్‌గా చేపట్టి ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. సొంత గడ్డపై జరిగిన ఏడో మ్యాచ్‌లో సియాటెల్ ఆటగాడు డెనిస్ జాన్సన్ వేసిన 14 షాట్లలో ఒక్కటీ పడలేదు. వాషింగ్టన్ బుల్లెట్స్ గెలిచింది. మరుసటి ఏడాది అదే బుల్లెట్స్‌ను 4-1తో ఓడించినప్పుడు ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచింది ఆ జాన్సనే. ఆ ఓటమిని కళ్లారా చూసి మరో ఏడాది ఎదురుచూసిన వాళ్లను పక్కనపెట్టి ఈ గెలుపును లెక్కగట్టడం అన్యాయం.

2006లో స్టార్‌బక్స్ అధినేత హోవర్డ్ షుల్ట్జ్ బృందం జట్టును 35 కోట్ల డాలర్లకు ఓక్లహోమా పెట్టుబడిదారులకు అమ్మింది. కొత్త స్టేడియానికి ప్రజల సొమ్ము ఇవ్వడానికి సియాటెల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టసభ ఒప్పుకోలేదు; అది తప్పని నేననుకోను. లీజు ఇంకా రెండేళ్లు ఉండగానే, 2008 జులైలో 4.5 కోట్ల డాలర్లకు నగరపాలక సంస్థతో రాజీ కుదిరింది, జట్టు తరలిపోయింది. పేరు, రంగులు సియాటెల్‌కు వదిలిపెట్టి, చరిత్రను మాత్రం రెండు నగరాలకూ ఉమ్మడి చేశారు.

ఓక్లహోమా సిటీని నిందించడానికి నాకు కారణం కనిపించదు. కత్రినా తుపాను తర్వాత న్యూ ఓర్లీన్స్ జట్టుకు రెండు సీజన్లు ఆశ్రయమిచ్చి, తన ఆదరణ ఎలాంటిదో ఆ నగరం నిరూపించుకుంది. 2019లో పాల్ జార్జ్ అనే ఆటగాణ్ని వదులుకుని షే గిల్జియస్-అలెగ్జాండర్ అనే ఆటగాణ్ని, అయిదు ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లను (కొత్త ఆటగాళ్లను తొలి విడతలో ఎంచుకునే హక్కులను) తెచ్చుకోవడం, ఓటమి సీజన్లను ఓర్చుకోవడం థండర్ స్వయంగా చేసిన పని. 2025 టైటిల్ పూర్తిగా వాళ్ల కష్టార్జితమే. 1979 పేజీని అరువు తెచ్చుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు.

ఎన్‌బీఏకు దారి కూడా తెలుసు. 2002లో హార్నెట్స్ జట్టు షార్లట్ నుంచి న్యూ ఓర్లీన్స్‌కు వెళ్లిపోయింది. 2014లో షార్లట్‌లోని బాబ్‌క్యాట్స్ ఆ పాత పేరు తీసుకున్నప్పుడు, 1988 నుంచి 2002 వరకున్న రికార్డులను లీగ్ తిరిగి షార్లట్‌కే అప్పగించింది. 1979 విషయంలో అలా చేయడానికి సియాటెల్‌కు మళ్లీ జట్టు వచ్చేదాకా ఆగనక్కరలేదు.