పుదుచ్చేరికి రన్‌వే కన్నా ముందు కావలసింది ఆగిపోని విమాన సర్వీసు

చెన్నైలో దిగి పుదుచ్చేరికి టాక్సీ మాట్లాడుకున్నవాళ్లకు ఆ దారి బాగా గుర్తుంటుంది. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం దాటి చాలాదూరం వెళ్లాక మరక్కాణం దగ్గర ఉప్పు మడులు వస్తాయి. రాత్రిపూట కారు లైట్లు పడి ఉప్పు కుప్పలు తెల్లగా మెరుస్తాయి. అప్పటికీ ఇంకో ముప్పావు గంట ప్రయాణం మిగిలే ఉంటుంది. పుదుచ్చేరి లాస్‌పేటలోనే విమానాశ్రయం ఉందన్న సంగతి చాలామందికి గుర్తుకే రాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

2013 జనవరిలో కొత్త టెర్మినల్‌తో పాటే స్పైస్‌జెట్ బెంగళూరు సర్వీసు మొదలైంది. ఏడాదికే ఆగింది. 2015లో ఎయిరిండియా అనుబంధ సంస్థ వచ్చి, ఆ ఏడాది గడవకుండానే వెళ్లిపోయింది. 2017 ఆగస్టులో, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ఉడాన్ కింద స్పైస్‌జెట్టే హైదరాబాద్ నుంచి మళ్లీ వచ్చింది. కొవిడ్‌లో ఆగి, తిరిగి నడిచి, 2024లో అదీ నిలిచిపోయింది. నెలల తరబడి విమానమే లేదు. 2024 డిసెంబర్ 20న ఇండిగో బెంగళూరు, హైదరాబాద్ సర్వీసులు మొదలుపెట్టింది. అంటే పన్నెండేళ్లలో నాలుగు ప్రారంభోత్సవాలు. విమానం ఆగిన ప్రతిసారీ జనం చెన్నై దారి పట్టారు. ఒకసారి పట్టిన దారిని అంత తేలిగ్గా వదలరు.

అయినా చర్చంతా రన్‌వే చుట్టూనే తిరుగుతోంది. ఇప్పుడున్నది సుమారు 1,500 మీటర్లు. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి నడపాలంటే అది చాలదు. పొడిగించాలంటే పక్కనున్న తమిళనాడు భూమి కావాలి. ఆ ఫైలు ఏళ్లుగా నానుతోంది. పొడిగింపు వద్దని నేననను. కానీ అది వచ్చేదాకా ఏమీ చేయలేమన్న మాట మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటే చిన్న ప్రొపెల్లర్ విమానాలకు ఈ రన్‌వే చాలు. ఇక్కడ తిరిగిన స్పైస్‌జెట్ క్యూ400లోనూ, ఇప్పటి ఇండిగో ఏటీఆర్‌లోనూ సీట్లు 78. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ విమానాశ్రయాల్లో 80 సీట్ల లోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ చార్జీ ఉండదు. కంపెనీలకు అది కలిసొచ్చే లెక్కే. పుదుచ్చేరి లాంటి ఊరికి అది సరిపోయే సైజే. 180 సీట్ల విమానం తెచ్చి రోజూ నింపలేక అవస్థ పడడం కన్నా, 78 సీట్లదాన్ని ఏడాది పొడవునా తప్పకుండా నడపడమే ఊరికి మేలు.

నడపలేకపోవడానికి కారణం పథకంలోనే ఉంది. ఉడాన్‌లో నష్టాన్ని పూడ్చే సాయం మూడేళ్లే. ఈ పథకంపై ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో నివేదిక ఇచ్చింది. ఉడాన్ మూడో విడత దాకా కేటాయించిన 774 రూట్లలో 371 మాత్రమే మొదలయ్యాయి. మూడేళ్లూ పూర్తిచేసినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఒక ఊరికి విమానం అలవాటు కావడానికి మూడేళ్లు చాలవని ఈ అంకెలే చెబుతున్నాయి.

మన కడపనే చూడండి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని ఉడాన్ ప్రారంభించిన రోజునే కడప–హైదరాబాద్ విమానం ఎగిరింది. నడిపిన ట్రూజెట్ తర్వాత తప్పుకుంది. 2022లో రాష్ట్రమే వయబిలిటీ గ్యాప్ నిధులు (నష్టం పూడ్చే సొమ్ము) ఇస్తామని ఒప్పుకుని ఇండిగోను రప్పించుకుంది. ఖజానాకు అది భారమే. కానీ టెర్మినల్ కట్టి తాళం వేసుకోవడం కన్నా నయం. పుదుచ్చేరి ప్రభుత్వం కూడా విమాన సంస్థతో కనీసం ఐదేళ్ల ఒప్పందం రాసుకోవాలి, మధ్యలో మానేస్తే జరిమానా షరతుతో సహా. సాయం చేసేటప్పుడు అడిగే హక్కు కూడా ఉంటుంది.

ఇది టూరిస్టుల సౌకర్యం ఒక్కటే కాదు. యానాం ఆ ప్రభుత్వం కిందిదే. అక్కడి తెలుగువాళ్లకు రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. రాజమండ్రి నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి పుదుచ్చేరి: రెండు విమానాల సమయాలు కుదిరితే ఒక్క పగలులో చేరొచ్చు. పెద్ద జబ్బుతో పుదుచ్చేరిలోని కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రి జిప్‌మర్‌కు వెళ్లే మనిషికి ఆ తేడా చిన్నది కాదు. డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ చీటీ మీద రెండు నెలల తర్వాతిది ఉంటుంది. ఆ రోజుకు విమానం ఉంటుందన్న నమ్మకంతో ఇవాళే టికెట్ కొనుక్కోగలగాలి.