అతుకుల బొంత అంటే తిట్టెందుకైంది?

ఏ రెండు పార్టీలు పొత్తు పెట్టుకున్నా మర్నాడు "అతుకుల బొంత" అనే హెడ్డింగ్ రెడీగా ఉంటుంది. టీవీ డిబేట్లలో అయితే గంటకు నాలుగుసార్లు వినాలి. నేనూ ఇన్నాళ్లూ ఆ మాట దర్జాగా వాడినవాణ్నే. ఈ ఎండాకాలం మా చెల్లెలి పాపకి బొంత కుట్టిన దగ్గర్నుంచి మాత్రం అది వినపడితే ఒళ్లు మండుతోంది. నిలవని దానికి బొంతతో పోలిక తెచ్చే పెద్దమనిషి ఒక్కసారైనా పాత బొంతని చింపి చూశాడా? చీర చిరిగినా ఆ కుట్టు ఊడదు.

అవును, కుట్టింది నేనే. ముప్పై ఆరేళ్ల మీసాల మేనమామని. మాది తెనాలి. కాన్పుకి చెల్లి మా ఇంటికే వచ్చింది. డిశ్చార్జ్ రోజు ఆస్పత్రివాళ్లు ఒక గిఫ్ట్ కిట్ ఇచ్చారు. అందులో తళతళలాడే గులాబీ రంగు దుప్పటి, మీద ఎలుగుబంటి బొమ్మ, ముట్టుకుంటే బొచ్చుకుక్కపిల్ల లాగా ఉంది. పాలియెస్టర్. బయట ఎండ చూస్తే పెనం. ఆ దుప్పటి మీద రెండు రోజులు పడుకోబెట్టేసరికి పిల్ల వీపంతా చెమటకాయలు. అమ్మ దాన్ని మడిచి బీరువా పైన పడేసి, "మీ నాయనమ్మ చీరలు దింపరా" అంది.

ఇంతకుముందైతే అమ్మే కుట్టేది. ఇప్పుడు కంట్లో శుక్లాలు, సూదిలోకి దారం ఎక్కించలేదు. ముందే కుట్టి పెట్టుకోవచ్చు కదా అంటే, పుట్టకముందే పక్క పరవకూడదట. సరే, ఇరవై ఒకటో రోజు ఉయ్యాలలో వేసే నాటికి నేను పూర్తి చేస్తానన్నాను. అప్పటికి నాకు చొక్కా గుండీ కుట్టుకోవడం తప్ప ఏమీ రాదు.

ముందు మా వీధి చివర టైలర్ దగ్గరికే వెళ్లాను. అయిదు పొరలని చెప్పగానే "సూది విరిగిపోద్ది సార్, బట్ట కూడా మడతలు పడిపోద్ది" అని వెనక్కి తోశాడు. ఇంటికొచ్చి చెబితే అమ్మ నవ్వింది.

చీరని విప్పి వెలుతురుకి పట్టుకుంటే తెలుస్తుంది, నాయనమ్మ దాన్ని ఎలా కట్టిందో. కూర్చునే చోట బట్ట దోమతెరలాగా పల్చబడింది. కింది అంచు నేలకి రాసుకుని పీచులైపోయింది. పమిట చెంగు మాత్రం నిన్న కొన్నట్టుంది. నాలుగు నేత చీరల్లో అరిగిన ముక్కలు లోపలికి, గట్టివి పైకీ కిందకీ. జరీ అంచులన్నీ కత్తిరించేశాం, పసిపిల్ల ఒంటికి గీసుకుంటాయని. గంజి మొత్తం పోయేదాకా వేడినీళ్లలో నానబెట్టి, రెండుసార్లు జాడించి, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేశాం. కొత్త బట్టకి ఆ మెత్తదనం రాదు. ఏళ్ల తరబడి ఉతికితే గానీ నూలుకి ఆ గుణం పట్టదు. మరి దూది నింపితే ఇంకా మెత్తగా ఉంటుంది కదా అంటే, చంటిపిల్ల రోజుకి పదిసార్లు తడుపుతుంది. దూదిని ఉతికితే గడ్డలు కడుతుంది. చీర పొరలైతే ఒక్క ఎండకి ఆరిపోతాయి.

వెడల్పు మూడడుగులు, పొడవు మూడున్నర. నాపరాళ్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి, ముందు పెద్ద పెద్ద కుట్లతో పొరలన్నీ పట్టించాను. ఆ తర్వాత అసలు కుట్టు. వరుసకీ వరుసకీ మధ్య ముప్పావు అంగుళం. లెక్క వేస్తే నలభై ఎనిమిది వరుసలు, మొత్తం 168 అడుగుల కుట్టు. మూడో రోజుకి చూపుడువేలు కొసన జల్లెడలాగా చిల్లులు. వరుసలు అంత దగ్గరగా ఎందుకని విసుక్కుంటే, "దూరంగా వేస్తే ఉతికినప్పుడు లోపలి పొర జారి ఓ మూలకి పోగవుతుందిరా" అంది అమ్మ. ముడి ఎప్పుడూ పొరల మధ్యే పడాలి. దారం కొస బయట వేలాడితే పసిపిల్ల కాలివేలికి చుట్టుకుని బిగుసుకుంటుంది, అది నిజంగానే ప్రమాదం. అందుకే అమ్మ రోజూ రాత్రి చేత్తో తడిమి కొసలు వెతికేది.

ఈలోగా చూడటానికి వచ్చిన బంధువుల మాటలు వినాలి. "అయ్యో, పాత చీరలా? షాపులో మంచి బేబీ సెట్లు ఉన్నాయి కదరా!" ఇంకొకాయన నా చేతిలో సూది చూసి "ఏరా, ఉద్యోగం పోయిందా?" అన్నాడు. నవ్వాను. ఏం చేస్తాం, ఫంక్షన్లలో కనపడాల్సినవాళ్లు.

నాకు అర్థం కానిదల్లా ఇదే. బీహార్‌లో సుజని అని ఉంది. పుట్టిన బిడ్డని చుట్టడానికి పాత బట్టలు పొరలుగా వేసి కుట్టేదే. 2006లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అనే ముద్ర, వచ్చింది. పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్లు కవండి అనే బొంత కుడతారు. నాలుగు మూలలా మడిచిన గుడ్డపూలు పెట్టకపోతే అది బోసిగా ఉన్నట్టేనట వాళ్లకి. మన దగ్గర? గంతకు తగ్గ బొంత, అతుకుల బొంత. రెండూ వెక్కిరింపులే. అదే బొంత సిటీలో ఎగ్జిబిషన్ స్టాల్‌లో "సస్టెయినబుల్" అని ట్యాగ్ తగిలించుకుని వేలాడితే, వేలు పోసి కొని సెల్ఫీ దిగుతాం.

ఇందులో నాకు గట్టిగా తగిలిన దెబ్బ కూడా ఒకటుంది. అమెరికాలో ఉన్న చెల్లి ఆడపడుచు వీడియో కాల్‌లో బొంత చూసి, "బావుంది గానీ, ఏడాది నిండేదాకా పాప నిద్రపోయే చోట పెట్టకండి" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. తరతరాలుగా మనం పిల్లల్ని పెంచలేదా అని పోట్లాటకి రెడీ అయి చదివితే, అక్కడి పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పేదీ అదే. పడక గట్టిగా, చదునుగా ఉండాలి, పైనా కిందా మెత్తటివి వద్దు, ముక్కుకి అడ్డం పడతాయి. కరెక్టే. పాత పద్ధతి మీద ప్రేమ ఉంది కదా అని ఆ మాట కొట్టిపారేయలేం. అందుకని నిద్రకి బొంత వాడటం లేదు. పాప మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, మనిషి పక్కనుండగా దాని మీద వేస్తున్నాం. కాసేపు బోర్లా పడుకోబెడితే గళ్ల చీర ముక్కనే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుంది.

ఇరవయ్యో రోజు రాత్రి పదకొండింటికి చివరి ముడి వేశాను. అమ్మ ఒళ్లో పెట్టాను. కళ్లు సరిగా కనపడవు కదా, వేళ్లతో ఒక్కో వరుసా తడుముకుంటూ వెళ్లింది. ఇరవై ఎనిమిదో వరుస దగ్గరో ఎక్కడో ఆగింది. అక్కడ కుట్లు కాస్త పెద్దవి, వరుస పాములాగా వంకర తిరిగింది.

"ఇక్కడ టీవీ చూస్తూ కుట్టావు కదూ?"

ఆ రోజు మ్యాచ్ ఉందమ్మా అన్నాను.