సవరణ: మన్రోకి తెలిసింది 2005లో కాదు, 1992లోనే

మొన్న ఆదివారం ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి వస్తూ బస్సులోనే కెనడా కథా రచయిత్రి ఆలిస్ మన్రో గురించి ఒక పోస్ట్ పెట్టాను కదా, అందులో రెండో భర్త ఆవిడ చిన్నకూతురి మీద చేసిన అఘాయిత్యం మన్రోకి 2005లో కేసయ్యాకే తెలిసింది పాపం అని రాశాను. అది తప్పు. ఆ 'పాపం' అన్నది మరీ తప్పు.

కూతురు 1992లోనే తల్లికి ఉత్తరం రాసి అంతా చెప్పింది. మన్రో కొన్ని నెలలు భర్తని వదిలి వెళ్లి, మళ్లీ ఆయన దగ్గరకే వచ్చేసి 2013లో ఆయన పోయేదాకా కలిసే ఉంది. 2005 అనేది ఆయన కోర్టులో నేరం ఒప్పుకున్న సంవత్సరం, నేను రెండూ కలిపేశాను. ఇదంతా 2024 జులైలో, మన్రో పోయిన రెండు నెలలకి, కూతురే స్వయంగా కెనడా పేపర్లో రాసింది, నేను అది చదవకుండా ఎవరో చెప్పింది విని రాసేశాను.

ఇంకోటి, ఆవిడ పుస్తకాలు అవతల పారేయమన్నానని కొందరు అనుకున్నారు, అలా అనలేదండీ. నా దగ్గరున్నది షెల్ఫులోనే ఉంది, కాకపోతే తల్లీకూతుళ్ల కథ ఏదైనా వస్తే ముందు అది ఏ సంవత్సరం రాసిందా అని వెతుక్కుంటున్నాను.

పాత పోస్ట్‌లో ఆ లైను మార్చేశాను.