గింబల్ కొంటే షేక్ పోదు

పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్ల దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే: "అన్నా, వీడియోలో షేక్ వస్తోంది. ఏ గింబల్ తీసుకోమంటావు?" గింబల్ అంటే కెమెరా ఊగకుండా మోటార్లతో నిలబెట్టే పిడి. ఏ లెన్స్ వేశావు, నిలబడి తీశావా నడుస్తూ తీశావా, షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) ఎంతలో పెట్టావు అని అడిగితే జవాబు ఉండదు. కాసేపాగి ఒక లింకు పంపి "ఇది ఓకేనా అన్నా" అంటారు. కొనడం ఎప్పుడో ఖాయమైపోయింది, నేను ఊ అనడమే తరువాయి.

నేను ఊ అనను. పెళ్లి పనికి గింబల్ అక్కర్లేదని కాదు. ఈఎంఐ పెట్టి మరీ కొన్న ఆ గింబల్ తగ్గించే షేక్ వేరు, చాలామంది వీడియోల్లో ఉన్న షేక్ వేరు. తలనొప్పికీ కడుపునొప్పికీ ఒకే మాత్ర మింగినట్టుంది ఈ వ్యవహారం.

కెమెరాని చేత్తో పట్టుకుంటే అది ఒక్క తీరుగా కదలదు. లెన్స్ పైకీ కిందికీ ఊగుతుంది, పక్కలకి తిరుగుతుంది, కెమెరా ఒక వైపుకి ఒరుగుతుంది. ఇవి మూడూ తిరుగుడు కదలికలు. వీటికి తోడు, ఎటూ తిరగకుండానే కెమెరా మొత్తంగా పైకీ కిందికీ, పక్కలకీ జరుగుతుంది. నడిచేటప్పుడు ఫ్రేము గంతులేసేది దీనివల్లే. గింబల్‌లో ఉండేవి మూడు మోటార్లు. అవి ఆ మూడు తిరుగుళ్లనే సరిచేస్తాయి, గంతుని పట్టుకోలేవు. బారాత్‌లో గింబల్ పట్టుకుని వెనక్కి నడుస్తూ తీసిన షాట్లు ఒకసారి జాగ్రత్తగా చూడండి. హొరైజన్ చక్కగా నిలబడి ఉంటుంది, కానీ అడుగు పడినప్పుడల్లా పెళ్లికొడుకు లేచి కింద పడుతుంటాడు.

దీనికి మందు 1970ల్లోనే ఉంది. అమెరికాలో గారెట్ బ్రౌన్ అనే కెమెరామన్ స్టెడీక్యామ్ తయారుచేశాడు. ఒంటికి ఒక వెస్ట్, దానికి స్ప్రింగులున్న చెయ్యి, ఆ చేతికి ఒక కడ్డీ. కడ్డీ పైన కెమెరా, కింద మానిటర్, బ్యాటరీ. బరువుని అలా పైకీ కిందికీ దూరంగా పంచడంతో కెమెరా అంత తేలిగ్గా ఎటూ తిరగదు. నడకలో వచ్చే ఎగుడుదిగుడుని స్ప్రింగు చెయ్యి మింగేస్తుంది. మోటార్లతో పని లేదు. 1978లో ఆస్కార్ వాళ్లు దీనికి సాంకేతిక విభాగంలో అవార్డు ఇచ్చారు. తర్వాత 2013 నుంచి చేత్తో పట్టుకునే మోటార్ గింబల్స్ మార్కెట్లోకి వచ్చాయి, ధర తగ్గింది, సైజు తగ్గింది. ఆ స్ప్రింగు చెయ్యి మాత్రం బాక్సులో రావడం లేదు. ఆ పని ఇప్పుడు మన మోకాళ్లు చెయ్యాలి. కొంచెం వంచి, అడుగు మెల్లగా మడమ మీంచి వేళ్ల మీదికి వేస్తూ నడవాలి. చూసేవాళ్లకి నవ్వొస్తుంది, రానివ్వండి. గింబల్ కొన్నవాళ్లలో ఈ నడక ప్రాక్టీస్ చేసినవాళ్లు ఎంతమంది?

లెన్స్ సంగతికొద్దాం. అసలు ముందు మాట్లాడాల్సింది దీని గురించే. లెన్స్ ఎంఎం పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా, 24 ఎంఎం లెన్స్, చెయ్యి అర డిగ్రీ కదిలిందనుకోండి. హెచ్‌డీ ఫ్రేములో బొమ్మ సుమారు 11 పిక్సెళ్లు జరుగుతుంది. అదే మనిషి, అదే అర డిగ్రీ, లెన్స్ 85 అయితే దాదాపు 40 పిక్సెళ్లు. హాల్లో మూడో వరస కుర్చీల దగ్గర నిలబడి 85తో పెళ్లికూతురి మొహం పట్టేసి "నా చెయ్యి వణుకుతోందన్నా" అంటే ఏం చెప్పాలి? చేతిది తప్పు కాదు బాబూ. మండపం దగ్గరికెళ్లి 35 వేసుకుంటే ఆ 40 కాస్తా 16 అవుతుంది, రూపాయి ఖర్చు లేదు. దగ్గరికెళితే ఫొటోగ్రాఫర్ తిడతాడు, పంతులుగారు కసురుకుంటారు, అది వేరే పోస్టు.

మరీ దగ్గరికెళ్లినా ఇంకో తంటా ఉంది. కొబ్బరిబొండం మీద పెట్టి అందరి దగ్గరికీ తిప్పే మంగళసూత్రాలుంటాయి కదా, వాటిని జానెడు దూరం నుంచి క్లోజప్ తీసేటప్పుడు కెమెరా తిరగడం కన్నా జరగడమే ఎక్కువ కనిపిస్తుంది. రెండు మిల్లీమీటర్లు పక్కకి జరిగినా ఫ్రేము కదిలినట్టు తెలిసిపోతుంది. ఇక్కడ గింబల్ శుద్ధ దండగ. మోకాలి మీద కూర్చుని, మోచెయ్యి తొడకి ఆనించి, ఊపిరి మెల్లగా వదులుతూ తీస్తే చాలు. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్, అంటే సెన్సార్‌ని జరిపి షేక్ తగ్గించే ఏర్పాటు, ఉంటే ఇంకా మంచిది.

ఈ బాడీ స్టెబిలైజేషన్ గురించి షాపుల్లో చెప్పే మాటలు వింటే ఒళ్లు మండుతుంది. "8 స్టాప్‌లు సార్, గింబలే అక్కర్లేదు." ఆ స్టాప్‌ల లెక్క సీపా అనే జపాన్ కెమెరా కంపెనీల సంఘం పెట్టిన పరీక్షలోది. చేత్తో ఒక ఫొటో తీస్తే ఎంత స్లో షటర్ దాకా మసక రాకుండా ఉంటుందో అది చెబుతుంది. ఒక్కో స్టాప్ అంటే షటర్ సమయం రెట్టింపు. పరిగెత్తే పిల్లాడి వెనకాల మీరు నడుస్తూ తీసే వీడియోకీ దానికీ సంబంధం లేదు. నిలబడి తీసే షాట్‌కి బాడీ స్టెబిలైజేషన్ నిజంగానే వరం, కాదనను. 2012లో ఒలింపస్, 2014లో సోనీ ఐదు యాక్సిస్‌ల (ఐదు రకాల కదలికల్ని సరిచేసే) సెన్సార్ తెచ్చాక చేత్తో నిలకడగా తీసే షాట్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. దాని జాడ్యాలు దానికున్నాయి. మెల్లగా పాన్ చేస్తుంటే (కెమెరాని పక్కకి తిప్పుతుంటే) అది కూడా షేకే అనుకుని సెన్సార్ బొమ్మని కాసేపు పట్టి ఉంచుతుంది, ఇక లాగలేక ఒక్కసారిగా వదిలేస్తుంది. 16 ఎంఎం లాంటి బాగా వైడ్ లెన్స్ వేసి నడిస్తే మధ్యలో అంతా బాగానే ఉండి, నాలుగు మూలలు మాత్రం జెల్లీలా అదురుతాయి. పాత మాన్యువల్ లెన్స్ అడాప్టర్‌తో వేసుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. కెమెరాకి ఆ లెన్స్ ఎన్ని ఎంఎంలో తెలియదు, మెనూలోకెళ్లి మనమే చెప్పాలి. 50 లెన్స్ పెట్టి మెనూలో 135 అలాగే వదిలేస్తే, స్టెబిలైజేషన్ అవసరానికి మించి సెన్సార్‌ని ఊపి, లేని షేక్ తెస్తుంది. పొడుగు జూమ్ లెన్సులకైతే లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ ఉన్నది వెతుక్కోండి. 200 ఎంఎం దగ్గర షేక్‌ని సరిచెయ్యాలంటే సెన్సార్ జరగాల్సినంత చోటు బాడీలో ఉండదు.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించే విషయం: షటర్.

"షేక్ ఉన్నా పర్లేదు, ఎడిటింగ్‌లో వార్ప్ స్టెబిలైజర్ వేసేద్దాం" అనేది మన ఫీల్డులో ఊతపదం అయిపోయింది. షేక్ తగ్గించే ఆ టూల్ 2011లో అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది, అప్పట్నుంచీ దాని మీద భారం వేసి నిద్రపోతున్నాం. సాఫ్ట్‌వేర్ ఫ్రేముని కదపగలదు, అంతే. ఫ్రేము లోపల అప్పటికే పడిపోయిన మసకని తీసెయ్యలేదు. సెకనుకి 25 ఫ్రేముల వీడియోకి షటర్ 1/50లో (సెకనులో యాభయ్యో వంతు) పెట్టి, చెయ్యి గట్టిగా అదిరిన క్లిప్‌కి స్టెబిలైజర్ వేసి చూడండి. ఫ్రేము కదలకుండా నిలబడుతుంది, కానీ మొహం ఉండుండి మసకబారుతూ మళ్లీ షార్ప్ అవుతూ ఉంటుంది. అసలు షేక్ కన్నా అదే ఎక్కువ చికాకు పెడుతుంది.

అయితే షటర్ పెంచు అంటారు యూట్యూబ్ గురువులు. 1/200, 1/400. పొలం గట్టు మీద ప్రీ వెడ్డింగ్ షూట్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఫంక్షన్ హాల్లో అదే పెట్టండి, లైట్లు మినుకుమినుకుమంటూ ఫ్రేము మీద నల్లటి చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి బల్బు సెకనుకి 100 సార్లు వెలుగు హెచ్చి తగ్గుతుంది. దానికి పొసిగేవి 1/50, 1/100. అమెరికాలో కూర్చుని వీడియో చేసిన ఆయన 1/60 పెట్టమంటాడు, ఆయనది 60 హెర్ట్జ్ కరెంటు, ఆయన మాట ఆయన దేశంలో నిజం. అది చూసి కరీంనగర్‌లోనో కాకినాడలోనో హాల్లో 1/60 పెట్టుకుని, చారలొచ్చాయని కెమెరాని తిట్టేవాళ్లున్నారు.

హాల్లో నేను వాడేది 50 ఫ్రేములు, 1/100 షటర్. లైట్లతో గొడవ లేదు, మసక సగమవుతుంది, సాఫ్ట్‌వేర్‌కి పని చెయ్యడానికి కాస్త సరుకు దొరుకుతుంది. పైగా స్లో మోషన్ కావాలంటే ఆ 50ని సెకనుకి 25 చొప్పున ఆడిస్తే షేక్ వేగం కూడా సగానికి పడిపోతుంది. హైలైట్స్ వీడియోల్లో అడుగడుగునా స్లో మోషన్ ఎందుకుంటుందో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఐఎస్ఓ (వెలుగుకి సెన్సార్ సున్నితత్వం) ఒక స్టాప్ పెరుగుతుంది, కొంచెం నాయిస్ (బొమ్మలో గింజలు) వస్తుంది. రానీ.

ఇక ముహూర్తం టైమ్. గట్టిమేళం అందుకుంటారు, అందరూ ఒక్కసారిగా లేస్తారు, ఎవరి మోచెయ్యో మన భుజానికి తగులుతుంది, అక్షింతలు లెన్స్ ముందు నుంచి వానలా పడతాయి. ఆ క్లిప్‌కి వార్ప్ స్టెబిలైజర్ వేస్తే ఏమవుతుందో చూశారా? అది ఫ్రేములో చుక్కల్ని పట్టుకుని, అవి ఎటు జరిగితే కెమెరా అటు కదిలిందని లెక్క కడుతుంది. అక్షింతలు, పైకి లేచిన చేతులు, ఫోన్లు అన్నిటినీ పట్టుకుంటుంది. అవి కదులుతుంటే కెమెరా కదిలిందనుకుని వెనకాల మండపాన్ని ఊపుతుంది. అరటిబోదెలు వంకర్లు తిరుగుతాయి, పెళ్లికొడుకు చెవి సాగుతుంది. చాలామంది స్మూత్‌నెస్ 50 అని వచ్చినదాన్ని అలాగే వదిలేస్తారు. దాన్ని 5కో 10కో తగ్గించి, మెథడ్‌లో సబ్‌స్పేస్ వార్ప్ తీసేసి పొజిషన్, స్కేల్, రొటేషన్ పెడితే ఆ వంకర్లలో చాలావరకు పోతాయి. ఇంకా పోకపోతే, షేక్ ఉన్నదాన్నే ఉంచండి. తాళి కట్టేటప్పుడు ఫ్రేము కొంచెం అదిరితే ఎవరూ కంప్లెయింట్ చెయ్యరు, పెళ్లికొడుకు చెవి సాగితే చేస్తారు.

దీనికన్నా తెలివైన దారి గైరో డేటా. గోప్రోలు, చాలా సోనీ కెమెరాలు షూట్ చేసేటప్పుడు కెమెరా ఎటు ఎంత తిరిగిందో క్లిప్‌తో పాటే రాసిపెడతాయి. గైరోఫ్లో అనే సాఫ్ట్‌వేర్ ఆ డేటా చదివి సరిచేస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. బొమ్మలో ఏముందో దానికి అక్కర్లేదు కాబట్టి అక్షింతలు పడినా, డప్పులోళ్లు అడ్డొచ్చినా తికమక పడదు. కాకపోతే దీనికి చాలా కెమెరాల్లో స్టెబిలైజేషన్ ఆపేసి తీయాలి, షటర్ వేగంగా ఉండాలి. అందుకే పగటి పూట బారాత్‌కి బంగారం, రాత్రి హాల్లో అంతంతమాత్రం. ఏ సాఫ్ట్‌వేర్ అయినా అంచులు కోస్తుంది కాబట్టి 4కేలో తీసి హెచ్‌డీలో ఇచ్చేవాళ్లకి దిగులు లేదు. కొంచెం వైడ్‌గా తీసుకోవడం మాత్రం మర్చిపోకూడదు.

బైక్‌కి ఫోన్ బిగించి రీల్స్ తీసే తమ్ముళ్లకి ఒక మాట. ఇంజిన్ అదురు ఇంకో రకం షేక్, సన్నగా వేగంగా ఉంటుంది. పెద్ద బైకుల ఇంజిన్ అదురుకి ఐఫోన్ కెమెరాలోని స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే హెచ్చరించింది. ఆ పని యాక్షన్ కెమెరాకి వదిలెయ్యండి.

గింబల్ బదులు ఏం కొనాలి అంటే, మోనోపాడ్, అదే ఒంటికాలి స్టాండు. కింద మూడు చిన్న కాళ్లుండేది. పైకీ కిందికీ గంతు అసలుండదు, చోటు తక్కువ, జనంలో తోసుకుపోవచ్చు, పూజ జరిగినంతసేపూ చేతులు నొప్పెట్టవు. అదీ వద్దంటే కెమెరాతో వచ్చిన మెడ పట్టీ ఉంది. మెడలో వేసుకుని, పట్టీ బిగిసేదాకా కెమెరాని ముందుకి నెట్టి, మోచేతులు డొక్కలకి ఆనించండి. అరచేతులు రెండు, మెడ ఒకటి, మూడు చోట్ల ఆధారం దొరికింది. పాతకాలం వీహెచ్ఎస్ కెమెరా భుజాన పెట్టుకుని తీసిన పెద్దాయనల పెళ్లి క్యాసెట్లు చూడండి. రంగు వెలిసిపోయి ఉంటుంది కానీ బొమ్మ కుదురుగా ఉంటుంది. ఆ బరువు, ఆ భుజమే కారణం. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు తేలికవడమే ఒక రకంగా మనకొచ్చిన చిక్కు. షోల్డర్ రిగ్ (కెమెరాని భుజానికి ఆనించే చట్రం) వేసి వెనకాల కాస్త బరువు తగిలిస్తే ఆ కుదురు తిరిగొస్తుంది.

ఇంత చెప్పినా కస్టమర్లు "ప్యాకేజీలో గింబల్ షాట్లు ఉన్నాయా" అని అడుగుతున్నారు కదా అంటారు. అడుగుతారు. వధూవరుల చుట్టూ గుండ్రంగా తిరిగే షాట్, హాల్ గుమ్మం నుంచి మండపం దాకా జారుతూ వెళ్లే షాట్, ఈ రెండూ వాళ్లకి కావాలి. ఇవ్వండి, వీటికి గింబల్ బాగానే ఉంటుంది. అప్పగింతలప్పుడు కూడా జారుతూ తిరగాలా? నాన్న గొంతు పూడుకుపోయి మాట రాక నిలబడి ఉంటే, కెమెరా ఆయన చుట్టూ మెత్తగా చక్కర్లు కొడుతుంటే నాకు షోరూంలో కారు యాడ్ చూసినట్టుంటుంది. అక్కడ చేత్తోనే తీయండి, అక్కడి షేక్‌ని ఎడిటింగ్‌లో కూడా ముట్టుకోకండి.

కొనే ముందు ఒక సీజన్ గింబల్ అద్దెకి తీసుకోండి. ఫుల్ ఫ్రేమ్ బాడీ, 24-70 లెన్స్, గింబల్ కలిపి రెండున్నర కిలోలు దాటుతుంది, జూమ్ సాగదీస్తే బ్యాలెన్స్ మారి మోటార్లు గీపెడతాయి, లెన్స్ మార్చిన ప్రతిసారీ మళ్లీ బ్యాలెన్స్ చేసుకోవాలి, ఈలోగా తలంబ్రాలు అయిపోతాయి. ఇవన్నీ తట్టుకుని సీజన్ చివర్లో కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి. అప్పటిదాకా ఆ డబ్బుతో స్టెబిలైజేషన్ ఉన్న ఒక వైడ్ లెన్స్, ఒక మోనోపాడ్ వస్తాయేమో మీ ఊరి షాపులో అడిగి చూడండి.