ఫోను చదివి పెడుతుంటే బ్రెయిల్ ఎందుకట!

"ఇంత వయసొచ్చాక ఆ చుక్కలతో కుస్తీ ఎందుకండీ? ఫోనే అన్నీ చదివి పెడుతుంది కదా!" ఈ మాట నాతో అనని మనిషి బెంగళూరులో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే దయచేసి ఇప్పుడే అనేయండి. అందరికీ కలిపి ఒకేసారి జవాబు రాసి పారేస్తాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ అన్నాడు. మా పెదనాన్న మదనపల్లె నుంచి ఫోను చేసి మరీ అన్నారు. చూపు తగ్గినవారికి దారి చూపించడమే ఉద్యోగంగా ఉన్న ఒక కౌన్సెలర్ కూడా అన్నారు. పెదనాన్న మీద నాకు కోపం లేదు, ప్రేమకొద్దీ అన్న మాట అది. ఆ కౌన్సెలర్ మీద మాత్రం ఉంది, ఇప్పటికీ ఉంది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. మొదట రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు పోతుంది, చివరికి మధ్యలో ఒక చిన్న కిటికీ మిగులుతుంది. కొందరికి ఆ కిటికీ కూడా మెల్లగా మూసుకుంటుంది. నేనిప్పుడు ఆ కిటికీ దశలో ఉన్నాను. అందుకే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, బ్రెయిల్, నేర్చుకుంటున్నాను. మారతహళ్లిలో ఒక ఆఫీసులో లెక్కలు చూస్తాను. కంప్యూటర్ మాట్లాడుతుంది, ఫోను మాట్లాడుతుంది. వాటి పుణ్యాన ఉద్యోగం నిలబడింది, కాదనను. నేను సాంకేతికతకు శత్రువునని ఎవరూ పొరబడవద్దు.

కానీ ఒక్క విషయం అడుగుతాను. రేపటి నుంచి మీ ఇంట్లో పుస్తకాలు, పత్రికలు, ఉత్తరాలు, రసీదులు అన్నీ తీసేసి, "ఎవరో ఒకరు చదివి వినిపిస్తారులే, మీరు చదవడం మానేయండి" అంటే ఒప్పుకుంటారా? మీ పిల్లలకు అక్షరాలు నేర్పడం మానేసి ఆడియో పెట్టే బడికి పంపిస్తారా? పంపించరు. పిల్లవాడు చదవడం నేర్చుకోలేదంటే ఇల్లంతా గగ్గోలు పెడతారు. చూపు పోయిన పెద్దవాడు నిరక్షరాస్యుడైతే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా "అడ్జస్ట్ అయ్యాడు" అని మెచ్చుకుంటారు!

వినడానికీ చదవడానికీ తేడా ఏమిటో నాకు మీటింగులో తెలిసింది. నెలాఖరు లెక్కలు పదిమందికి వివరిస్తున్నప్పుడు అంకెలు నా ముందు ఉండాలి. చెవిలో ఇయర్‌ఫోను గొంతు ఒక అంకె చెబుతుంటే నోటితో ఇంకో వాక్యం చెప్పడం ఎవరివల్లా కాదు, ప్రయత్నించి చూడండి. ఇప్పుడు బల్ల మీద బ్రెయిల్ గుచ్చిన ఒక మందపాటి కాగితం ఉంటుంది. ఎడమచేయి దాని మీద ఉంటుంది, నోరు తన పని తాను చేసుకుపోతుంది. నేను చీటీ చూసి చెబుతున్నానని అవతలివారికి తెలియదు కూడా.

రాత్రి మా అమ్మాయికి కథ చెప్పేటప్పుడూ అంతే. ఫోను కథ చెబితే ఆ కథ ఫోనుది, పక్కన పడుకున్న ఇంకో శ్రోతను నేను. నా వేలు చదివి నా నోరు చెబితే ఎక్కడ ఆగాలో, రాక్షసుడికి ఏ గొంతు పెట్టాలో నా ఇష్టం. నేను నెమ్మదిగానే చదువుతాను. ఆ నెమ్మది వల్ల ఉత్కంఠ పెరుగుతుందని మా అమ్మాయిగారి అభిప్రాయం!

ఇక నా ఫోనులో ఉన్న తెలుగు గొంతు సంగతి వేరే చెప్పాలి. పద్యం పెడితే పాదం ఎక్కడ విరిగిందో తెలియకుండా రైలు ప్రకటనలా చదివేస్తుంది. ఒత్తు ఉందో లేదో, ళ అన్నదో ల అన్నదో చాలాసార్లు తేలదు. కొత్త పేరు వింటే దాన్ని ఎలా రాయాలో తెలియదు. ఏళ్ల తరబడి వినడమే మిగిలితే రాతలో అక్షరదోషాలు పెరుగుతాయి. నా మెయిళ్లలో పెరిగాయి కూడా. చిన్నప్పుడు ఒత్తుల కోసం బెత్తం దెబ్బలు తిన్నవాణ్ని, నలభై దాటాక ఎందుకు వదులుకోవాలి?

బ్రెయిల్ గడిలో ఆరు చుక్కలు ఉంటాయి, రెండు నిలువు వరుసల్లో మూడేసి. వాటితో 63 ఆకారాలు వస్తాయి. అంతే, ప్రపంచంలోని లిపులు దాదాపు అన్నీ ఆ 63తోనే సర్దుకుంటాయి. ఇక్కడే తెలుగువాడికి ఒక విచిత్రం ఎదురవుతుంది. మన గుణింతం మాయమైపోతుంది. గుడి లేదు, కొమ్ము లేదు, ఏత్వం లేదు. 'కి' రాయాలంటే క గడి, దాని పక్కన ఇ గడి. ఒత్తులు కిందికి వేలాడవు, అన్నీ వరుసలోనే నడుస్తాయి. 'అమ్మ' అంటే నాలుగు గడులు. మొదట అ, తర్వాత 4వ చుక్క (కుడి వరుసలో పైది) ఒక్కటే, ఆ తర్వాత మ, మళ్లీ మ. ఆ ఒంటరి చుక్క "ఇప్పుడు రాబోయే హల్లుకు అచ్చు లేదు, దాని తర్వాతిదానితో కలిపి పలుకు" అని ముందుగానే హెచ్చరిస్తుంది. వేలికి ముందు హెచ్చరిక, తర్వాత అక్షరం. కంటికి అలవాటైన క్రమానికి ఇది తలకిందులు. మొదట్లో చిరాకు పుట్టించింది, తర్వాత ముద్దొచ్చింది.

చిరాకు తగ్గనివి కూడా ఉన్నాయి. ఇ, ఏ రెండూ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. ద, హ, జ మూడూ ఒకే మూడు చుక్కల మూల, తిప్పి తిప్పి పెట్టినవి. ణ గడీ, "ఇక అంకె వస్తోంది" అని చెప్పే గుర్తూ ఒకటే. ఇవన్నీ చాలవన్నట్టు స్లేటు (గడుల రంధ్రాలున్న చట్రం), స్టైలస్ (గుచ్చే సూది)తో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం వెనుక నుంచి గుచ్చితేనే ముందువైపు ఉబ్బుతుంది కాబట్టి 'ఏ' రాయాలంటే చేతితో 'ఇ' గుచ్చాలి. లెక్కలవాడి బుర్ర కాబట్టి నాకు ఇది సరదాగా ఉంది గానీ, మా క్లాసులో ఒకావిడ స్లేటు బల్ల మీద విసిరికొట్టి, టీ తాగి వచ్చి మళ్లీ మొదలుపెట్టారు. పెర్కిన్స్ బ్రెయిలర్ అనే టైపు యంత్రం మీద ఈ తిప్పలు లేవు, ఆరు చుక్కలకు ఆరు మీటలు. చప్పుడు మాత్రం పక్క ఫ్లాటుకు వినిపిస్తుంది.

మా గురువుగారు పుట్టుకతో చూపు లేని కన్నడిగులు, తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆయన మొదట చెప్పింది ఒక్కటే. "నొక్కకండి సార్. చుక్క చచ్చిపోతుంది, వేలు మొద్దుబారుతుంది. తాకీ తాకనట్టు పక్కకు జరపండి." నాలాంటి సగం చూపువాళ్లకు ఇంకో జబ్బు ఉంటుంది, చుక్కల నీడలను కంటితో చదివేస్తాం. ఆయనకు కనిపించదు కదా అనుకుంటే, నేను చదివే వేగాన్ని బట్టే పట్టేశారు. "ఇప్పుడు కళ్లు మూసుకుని చదవండి" అన్నారు. ఆ రోజు నుంచి కాగితం మీద ఒక తువ్వాలు, దాని కింద నా చేతులు.

ఆయన ఒకనాడు ఒక పేజీ ఇచ్చి చదవమన్నారు. అక్షరాలన్నీ తెలిసినవే, మాటలు మాత్రం సగమే అర్థమయ్యాయి. అది కన్నడం! 1951లో మన దేశం భారతీ బ్రెయిల్ అనే ఉమ్మడి పద్ధతిని స్వీకరించింది. అంతకుముందు ఒక్కోచోట ఒక్కో రకం బ్రెయిల్ నడిచేది. ఇప్పుడు తెలుగు క, కన్నడ క, తమిళ క, హిందీ క అన్నీ ఒకటే గడి. ఇంగ్లీషు కె కూడా అదే. మ అయితే ఎమ్, ల అయితే ఎల్. కొన్ని ప్రత్యేకాక్షరాల దగ్గర తేడాలున్నా మూలం ఒకటే. అచ్చులో కన్నడ బోర్డును కూడబలుక్కుని ఎలాగోలా చదవవచ్చు, తమిళ బోర్డు ముందు మాత్రం చేతులెత్తేయాలి. వేలికి ఆ గోడలు లేవు. బోర్డు మీద ఏ లిపి పెద్దగా ఉండాలన్న రగడ విన్నప్పుడల్లా ఈ ఊళ్లో నాకు నవ్వొస్తుంది. మా అమ్మాయి కన్నడ పాఠం బ్రెయిల్ ప్రతి సంపాదించి చదివి వినిపిస్తే "నాన్నా, నీకు కన్నడ ఎప్పుడు వచ్చింది?" అని అడిగింది. రాలేదమ్మా, చదవడం మాత్రం వచ్చింది.

"మీ వయసుకు మెదడు వంగదు" అనేవారికి ఒక మాట. 2008లో ప్లోస్ వన్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. చూపు బాగా ఉన్న పెద్దవాళ్లకు 5 రోజులు గంతలు కట్టి బ్రెయిల్ నేర్పారు. ఆ కొద్ది రోజులకే మెదడులో చూపు కోసం ఉన్న భాగం స్పర్శకు స్పందించింది. గంతలు విప్పిన మర్నాటికి అది ఆగిపోయింది. అంటే ఆ దారి పెద్దల బుర్రలోనూ ఉంది. పిల్లలంత వేగం నాకు ఎప్పటికీ రాకపోవచ్చు. రాకపోతే ఏం? మందు సీసా మీద పేరు చదవడానికి వేగం ఎందుకు?

అందరికీ బ్రెయిలే దిక్కని నేను అనడం లేదు. మధుమేహం వల్ల చూపు పోయినవారిలో కొందరికి అదే మధుమేహం వేలి కొసల స్పర్శనూ తగ్గిస్తుంది. వారికి చెవే ఆధారం, వారిని బలవంతపెట్టడం క్రూరత్వం. నా గొడవ వేరు. స్పర్శ ఉందో లేదో చూడకుండా, అడగకుండా, "మీకెందుకు" అని తలుపు మూసేసేవారితో నా గొడవ. చూపు పూర్తిగా పోకముందే, ఉద్యోగం ఉండగానే, మనసు కుదురుగా ఉండగానే మొదలుపెట్టమని చెప్పాల్సిన మనిషి "ఇంకా కనిపిస్తోంది కదా, తొందరేముంది" అన్నారు. ఆ మాట విని ఊరుకున్నవారు ఎంతమందో!

ఇదేమీ కొత్త కథ కాదు. లూయీ బ్రెయిల్ 1809లో పుట్టాడు, చిన్నతనంలోనే చూపు పోయింది. చార్ల్స్ బార్బియే చేసిన 12 చుక్కల పద్ధతిని తీసుకుని, ఒక్క వేలి కొసకు సరిపడేలా ఆరుకు కుదించాడు. అప్పటికి 15 ఏళ్ల కుర్రాడు. 1829లో దాన్ని పుస్తకంగా వేశాడు. ఆయన చదివి, పాఠాలు చెప్పిన పారిస్ బడిలోనే తర్వాత వచ్చిన డైరెక్టరు దాన్ని కొన్నాళ్లు నిషేధించాడు. అంధులు చూపున్నవారి అక్షరాలే ఉబ్బెత్తుగా చదవాలట, లేకపోతే లోకం నుంచి విడిపోతారట! పిల్లలు దొంగచాటుగా నేర్చుకున్నారు. ఫ్రాన్సు అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకు. "అందరిలా ఫోను వాడండి" అనేవారిని చూస్తే నాకు ఆ డైరెక్టరే గుర్తొస్తాడు.

ఓటు సంగతి కూడా చెప్పాలి. ఓటింగ్ యంత్రం మీద బ్రెయిల్ అంకెలు ఉంటాయి. దీన్ని మొదట ప్రయోగించి చూసింది మన హైదరాబాదులోనే, 2004 ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. అభ్యర్థుల పేర్లున్న బ్రెయిల్ పత్రం చదువుకుని, అంకె తడిమి మీట నొక్కవచ్చు. బ్రెయిల్ రాకపోతే తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ నేను ఎవరికి వేశానో మా బావమరిదికి తెలియాల్సిన అవసరం నాకు కనిపించదు, దీపావళి భోజనాల దగ్గర అస్సలు కనిపించదు.

మిగతాచోట్ల పరిస్థితి నవ్వుకునేలా ఉంది. మా ఆఫీసు భవనంలో లిఫ్టు మీటల పక్కన బ్రెయిల్ పట్టీని తలకిందులుగా అతికించారు. చెబితే "ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు సార్" అన్నారు. ఐరోపా సమాఖ్యలో మందుల పెట్టె మీద పేరు బ్రెయిల్‌లో ఉండాలని 2004లోనే ఆదేశం ఇచ్చారు. నేను మా వీధి చివర కొనే మాత్రల పెట్టెల మీద ఇంతవరకూ ఒక్క చుక్క కూడా వేలికి తగల్లేదు. పట్టీలు నేనే గుచ్చి అంటించుకుంటున్నాను. లూయీ బ్రెయిల్ 200వ జయంతికి 2009లో 2 రూపాయల నాణెం మాత్రం తెచ్చారు.

చుక్కలు పైకీ కిందికీ కదిలే బ్రెయిల్ డిస్‌ప్లే ఉంటే ఫోనులోని అక్షరాలన్నీ వేలి కిందికి వస్తాయి, నిజమే. ప్రతి చుక్కనూ విడివిడిగా లేపాలి కాబట్టి ధర అదిరిపోతుంది. నాకు ఇప్పట్లో అందదు. కాగితమే గతి.

అసలు కష్టం కాగితం దగ్గరే. తెలుగు బ్రెయిల్ నేర్చుకునే పెద్దవాడికి చదవడానికి ఏముంది? నాకు దొరికిన వాచకాలన్నీ పిల్లలవి. నలభై దాటిన లెక్కల గుమాస్తా "ఉడుత వచ్చింది, పండు తిన్నది" అని ఎన్ని వారాలు చదవగలడు? నాకు కథలు కావాలి, పద్యాలు కావాలి, వంటల చీటీలు కావాలి, నెమ్మదిగా చదివినా సిగ్గుపడనక్కర్లేని చిన్న చిన్న పెద్దల పుస్తకాలు కావాలి.

అందుకే ఈ సోది. మీ ఊళ్లో ఏ అంధుల పాఠశాల గ్రంథాలయంలోనైనా, ఏ రిటైరైన టీచరుగారి అటక మీదనైనా తెలుగు బ్రెయిల్ పుస్తకాలు దుమ్ము పట్టి ఉంటే నాకు కబురు పెట్టండి. చదివి భద్రంగా తిప్పి పంపిస్తాను. బరువని వెనకాడకండి, అంధుల సాహిత్యానికి మన తపాలాశాఖ 7 కిలోల వరకు మామూలు పోస్టులో రుసుము తీసుకోదు.